కప్పమిషనుకు ఆముదం రాసింది నేనే

తిరువూరు దగ్గర ఒక మామిడితోటలో మా మేనేజరు రంగనాథం గారు కాళ్ళు పైకి, తల కిందికి అయి, పన్నెండడుగుల ఎత్తున తాడుకు వేలాడిన సంగతి ఆ చుట్టుపక్కల పెద్దవాళ్ళకు ఇప్పటికీ గుర్తుంది. తాడు మీద చెట్టెక్కే మిషను అలా జారిపోవడానికి కారణం గురవయ్య అనే చెట్లెక్కే మనిషి అని కూడా వాళ్ళకు గుర్తుంది. మొదటిది నిజం. రెండోది అబద్ధం. మిషను జారింది నా వల్ల. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు. తెలిసీ ముప్ఫై ఏళ్ళు నోరు విప్పలేదు.

ఇప్పుడు నాకు యాభై ఆరు. కంపెనీ మూతపడడంతో రిటైర్మెంటు కాస్త ముందే వచ్చింది. వ్యవసాయ యంత్రాలు రైతులకు చూపించే ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు కొందరు ఈమధ్య వచ్చి, మీ అనుభవాలు రాసిపెట్టండి సార్ అని అడిగారు. ఏ సంవత్సరం ఏ ప్రమోషను వచ్చిందో రాస్తే మా ఇంట్లోవాళ్ళే చదవరు. అందుకని నేను పాడుచేసిన పని గురించి రాస్తున్నాను. అందులోనే నేర్చుకోవలసినది ఎక్కువ ఉంది.

ఉద్యోగం అంటే ఇదీ

డెబ్భైల మొదట్లో బెజవాడలో ఒక స్ప్రేయర్ల కంపెనీలో చేరాను. నా హోదా డిమాన్‌స్ట్రేటరు. ఆ మాటకు మా అమ్మకు నోరు తిరిగేది కాదు. అబ్బాయి ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే, "ఊరూరా తిరిగి మందు కొడతాడండీ" అని గర్వంగా చెప్పేది. పెళ్ళిసంబంధాలు చూస్తున్న రోజుల్లో ఆ మాట నాకు కొంత నష్టం చేసింది.

పని ఏమిటంటే, స్ప్రేయరు బస్సు టాపు మీద వేసుకుని ఊరికి వెళ్ళడం, బస్టాండు నుంచి తోటదాకా బండి మీదో భుజం మీదో మోయడం, పదిమందిని పోగుచేసి పనిచేయించి చూపించడం. మిషను బాగా పనిచేస్తే రైతులు చూసి, తలపంకించి వెళ్ళిపోతారు. మొరాయించిందో, భోజనాల వేళ దాటినా ఒక్కరు కదలరు. చుట్టాలకు కూడా కబురు పంపుతారు.

విస్సన్నపేటలో ఒక రైతు మా స్ప్రేయరు కొన్నాడు. మూడు నెలల తరవాత ఎలా ఉందో చూద్దామని వెళితే, "మీ మిషను బంగారమండీ" అని కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "మా ఇంట్లో పెళ్ళికి రెండొందల మందికి నిమిషంలో పన్నీరు జల్లేశామండీ. ఇప్పటిదాకా నాలుగు పెళ్ళిళ్ళకి పట్టుకెళ్ళారు."

"మరి మిరప చేనుకి?"

"అందులో మందు పోస్తే పన్నీరు వాసన పోదండీ?" అన్నాడు, నా తెలివి మీద జాలిపడుతూ.

అప్పుడు నవ్వుకున్నాను గాని, ఆలోచిస్తే తప్పు నాదే. ఆయనకు ఏం కావాలో నేను అడగలేదు. నా దగ్గర ఉన్నది చూపించి వచ్చేశాను. ఈ ఉద్యోగంలో సగం తప్పులు ఇక్కడే పుడతాయి.

మా మేనేజరు రంగనాథం గారు భారీ మనిషి. ఆయన నడుస్తుంటే ఆఫీసులో టేబుళ్ళ మీద సిరాబుడ్లు కదిలేవి. మనసు మంచిది. ప్రసంగాలంటే ప్రాణం. డిమాన్‌స్ట్రేటర్లకు ఆయన రెండు సూత్రాలు చెప్పేవారు. రైతు ముందు ఎప్పుడూ "తెలీదు" అనకూడదు. రైతు ముందు మిషను కీచుమనకూడదు. రెండో సూత్రం ఆయన్నే చెట్టుకు వేలాడదీసింది. మొదటిది నన్ను ఇంకా వదల్లేదు.

వృక్షారోహిణి

హెడ్డాఫీసువాళ్ళు ఎక్కడినుంచో ఒక నమూనా యంత్రం తెప్పించి మాకు పంపారు. చెట్టుకొమ్మ మీదుగా ఒక నైలాను తాడు వేసి, ఒక కొసను పక్క చెట్టు మొదలుకు కడతారు. వేలాడే రెండో కొస మీద రెండు ఇనుప పెట్టెలు. ఒక్కోదానిలో పళ్ళున్న దవడలు ఉంటాయి. పైపెట్టె మన నడుము బెల్టుకు, కిందిపెట్టె మన పాదాలకు. మోకాళ్ళు ముడిస్తే కిందిపెట్టె పైకి జరిగి తాడును కరుచుకుంటుంది. లేచి నిలబడితే పైపెట్టె జరిగి కరుచుకుంటుంది. ముడుచుకోవడం, చాచుకోవడం, అంతే. దవడలు పైకి వెళ్ళనిస్తాయి, కిందికి రానీయవు. దిగాలంటే ఒళ్ళు కాస్త పైకెత్తి, మీట నొక్కాలి.

రంగనాథం గారు దీనికి "వృక్షారోహిణి" అని పేరు పెట్టారు. దాని మీద ఎక్కుతున్న మనిషిని ఒక్కసారి చూసిన తిరువూరు రైతులు "కప్పమిషను" అన్నారు. ఏ పేరు నిలిచిందో చెప్పక్కర్లేదు.

దీన్ని తిరువూరు తీసుకెళ్ళడానికి కారణం వెంకటరామయ్య గారు. విస్సన్నపేట రోడ్డులో ఆయనకు పన్నెండెకరాల పాత మామిడితోట ఉంది. అంటుమొక్కలు కాదు, తాతలనాటి నాటుచెట్లు. వాటి పైకొమ్మల్లో బదనిక పట్టింది. బదనిక అంటే కొమ్మలో వేరుపెట్టి చెట్టు రసం తాగి బతికే మొక్క. పూత రాకముందే ఎక్కి నరికేయకపోతే కొమ్మలు ఎండిపోతాయి. ఎక్కేవాళ్ళు ఆ ప్రాంతంలో తక్కువ.

"ఊరు మొత్తానికి గురవయ్య ఒక్కడేనయ్యా ప్రసాదూ," అని ఆయన నా దగ్గర వాపోయారు. "వాడు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఎప్పుడొస్తావురా అంటే, చెట్టు ఆరాక వస్తానండీ అంటాడు. తోట నాదా, వాడిదా?"

ఆ మాట నేను ఆఫీసులో చెప్పాను. రంగనాథం గారి కళ్ళు మెరిశాయి.

గురవయ్య అడిగిన ప్రశ్న

మేము తిరువూరు బస్సు దిగి తోటకు చేరేసరికి గురవయ్య చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా, మోకాళ్ళ మీద కాయలు కాచి. నడుముకు కొడవలి, పక్కన ఒక గుడ్డమూట. ఎక్కబోయే ముందు ఆ మూట విప్పి, పొయ్యిబూడిద అరచేతులకు, అరికాళ్ళకు రుద్దుకునేవాడు. చేతికి చెమట ఉన్నా, అన్నం తిన్న జిడ్డు ఉన్నా చెట్టెక్కేవాడు కాదు. అందుకే చెట్టు తడిగా ఉంటే రానని వెంకటరామయ్య గారికి కోపం తెప్పించేవాడు.

రంగనాథం గారు అతనికి యంత్రం గురించి పావుగంట చెప్పారు. గురవయ్య శ్రద్ధగా విన్నాడు.

"బాగుందండీ," అన్నాడు. "ఈ తాడు పైకొమ్మకి ఎవరు వేస్తారండీ?"

రంగనాథం గారు నావైపు చూశారు. నేను తాడువైపు చూశాను. రాయి కట్టి విసిరితే పడుతుందని మిషనుతో వచ్చిన కాగితంలో ఉంది. నేను తొమ్మిదిసార్లు విసిరాను. అయిదుసార్లు రాయి నా మీదే పడింది. ఒకసారి వెంకటరామయ్య గారి కాఫీగ్లాసు పోయింది.

చివరికి గురవయ్యే చేతులకు బూడిద రాసుకుని, తాడు కొస పళ్ళతో పట్టుకుని, వక్క నమిలినంతసేపట్లో పైకి పోయి కొమ్మ మీదుగా వేశాడు. అక్కణ్ణించే అడిగాడు.

"సార్, ఇక్కడ బదనిక ఉందండీ. నేనెలాగూ పైనే ఉన్నా. కొట్టేసి దిగిపోనా, లేకపోతే నేను దిగాక మీరు మిషను మీద వచ్చి కొడతారా?"

వెంకటరామయ్య గారు పంచెకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రంగనాథం గారు తీరిగ్గా గొంతు సవరించుకుని, "శాస్త్రీయ దృక్పథం అలవడడానికి టైము పడుతుందోయ్ ప్రసాద్," అన్నారు నాతో. ఆ ప్రశ్నకు మా కంపెనీ దగ్గర జవాబు లేదు. "తెలీదు" అనకూడదు కాబట్టి మేం అనలేదు.

ఆముదం

ఆ మధ్యాహ్నం నేను ఆ మిషను మీద ఎక్కి చూశాను. నిజం చెప్పాలంటే బాగా పనిచేసింది. మెల్లగా, కప్పలాగే, ఇరవై అడుగులు ఎక్కి దిగాను. కాకపోతే ముడుచుకున్నప్పుడల్లా కీచుమంది, చాచుకున్నప్పుడల్లా కీచుమంది. పక్కతోటలో ఎద్దు తల తిప్పి చూసింది.

"ఈ కీచులాటేంటోయ్?" అన్నారు రంగనాథం గారు. "రేపు అరవై మంది రైతులొస్తారు. మిషను ఏడిస్తే రైతు కొంటాడా? చూడు దాని సంగతి."

స్ప్రేయర్ల పనిలో మేం నేర్చుకున్న మొదటి పాఠం నూనె. స్ప్రేయరు లోపల తోలు వాషరుంటుంది. అది ఎండిపోతే గాలి పట్టదు, నూనె పోస్తే పడుతుంది. మూడేళ్ళుగా నేను ఊరూరా రైతులకు చెప్పింది అదే: ఏ మిషనైనా మొరాయిస్తే ముందు నూనె వెయ్యండి. అలవాటుగా చెయ్యి అటే పోయింది. ఇంకా పొద్దుండగానే వెంకటరామయ్య గారి బండి ఇరుసుకు వేసే ఆముదం సీసా అడిగి తెచ్చుకున్నాను. కీళ్ళకు వేశాను. అక్కడితో ఆగవలసింది. పని శుభ్రంగా చెయ్యాలనే పట్టుదల కొద్దీ, పైపెట్టె దవడలు విప్పి ఒక్కొక్క పంటికీ కోడి ఈకతో ఆముదం పూశాను. కిందిపెట్టె దగ్గరికి వచ్చేసరికి విసుగొచ్చి, పైపైన ఒక చుక్క వేసి వదిలేశాను. మర్నాడు రంగనాథం గారి ప్రాణం నా శ్రద్ధ వల్ల ప్రమాదంలో పడి, నా బద్ధకం వల్ల నిలిచింది.

కీచు పోయింది. తాడు మీద పెట్టి చూడలేదు. చూసి ఉంటే ఈ వ్యాసం లేదు.

ఆ ఉదయం

మర్నాడు అరవై కాదు, వందమంది దాకా వచ్చారు. కొత్త వస్తువు ఏదొచ్చినా మనవాళ్ళు పూజ చేయకుండా ముట్టుకోరు. రంగనాథం గారు స్వయంగా పసుపు ముద్ద తీసుకుని రెండు పెట్టెలకూ దట్టంగా పులిమి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఆముదం మీద పసుపు ఎంత బాగా అంటుతుందో ఆ రోజు చూశాను. దవడల పళ్ళన్నీ పూడుకుపోయి, పెట్టె నోట్లో హల్వా పెట్టుకున్నట్టు ఉంది.

గురవయ్య మిషను పక్కన గొంతుక్కూర్చుని ఆ దవడను వేలితో తాకాడు. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

"సార్, దీని పళ్ళకి జిడ్డుందండీ. ఇది పట్టుకునేది గదా. పట్టుకునేదానికి జిడ్డు తగలకూడదండీ. బూడిద పెట్టి తుడవమంటారా?"

"మిషనుకి బూడిదేంటయ్యా?"

"నాకైనా, దానికైనా పట్టు పట్టేనండీ."

అంటూనే గుడ్డతో రెండుసార్లు తుడిచాడు. అప్పటికే రంగనాథం గారు ఇటు చూస్తున్నారు. "ముట్టుకోకు! ఖరీదైన వస్తువు!" అని నేను అరిచాను, వందమందికీ వినపడేలా. గురవయ్య చేతులు దులుపుకుని దూరంగా వెళ్ళి నిలబడ్డాడు.

ఎక్కవలసింది నేను. బెల్టు కట్టుకుంటుంటే రంగనాథం గారికి జనాన్ని చూసి ఆవేశం వచ్చింది. "ఆగవోయ్! నువ్వు ఎండు పుల్లవి. నువ్వెక్కితే ఏం గొప్ప? ఈ శరీరం ఎక్కితే ఏ శరీరమైనా ఎక్కుతుంది!" అని బెల్టు లాక్కున్నారు. ఆ బెల్టు చివరి చిల్లు దాకా వెళ్ళింది.

పది అడుగులు బాగానే ఎక్కారు. కీచు లేదు. రైతులు నోళ్ళు తెరుచుకుని చూశారు. పదిహేనడుగుల దగ్గర ఆగి, ఒక చెయ్యి చాచి ప్రసంగం మొదలుపెట్టారు. "సోదరులారా! ఈనాడు మానవుడు..." ఆ చాచిన చెయ్యి కొమ్మలో ఎర్రచీమల గూటికి తగిలింది. మామిడాకులు కుట్టుకుని కట్టిన గూడు అది, తలకాయంత ఉంది. మానవుడు ఏమయ్యాడో మాకు తెలియలేదు. రంగనాథం గారు ఒక్కసారి ఎగిరారు. ఎగిరిన బరువు పడగానే పైపెట్టె సర్రున జారి, కిందిపెట్టెకు కొట్టుకుంది. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి, ఒళ్ళు వెనక్కి ఒరిగింది, కాళ్ళు పైన, తల కింద. కిందిపెట్టె కూడా మూడడుగులు జారి, దేవుడి దయవల్ల కరుచుకుంది. చీమలు మాత్రం వదల్లేదు.

"కాళ్ళు ఆడించండి!" అని ఒక రైతు.

"ఆడించకండి! జారుతుంది!" అని ఇంకొకాయన.

"మీట నొక్కండి సార్!" అని నేను.

"మీట ఎక్కడుందిరా!" అని రంగనాథం గారు. నన్ను "రా" అనడం అదే మొదలు, అదే ఆఖరు.

గురవయ్య ఎవర్నీ అడగలేదు. బూడిద రుద్దుకున్నాడు, ఎక్కాడు. ఆకుల మండ విరిచి రంగనాథం గారి ముఖం మీద, మెడ మీద చీమలు దులిపాడు. సగం చీమలు అతని చేతుల మీదికి పాకాయి. పళ్ళు బిగపట్టి, "అయ్యగారూ, కళ్ళు మూసుకుని నా భుజం పట్టుకోండి. ఊగకండి, అంతే," అని, కిందికి చూసి, "ఆ చెట్టుకి కట్టిన తాడు ఇప్పండి! నలుగురు పట్టుకుని బావిలోకి బిందె దించినట్టు దించండి! బిందె పెద్దది, జాగర్త!" అన్నాడు.

అలా దించారు. తలే ముందు నేలకు వచ్చింది కాబట్టి వెంకటరామయ్య గారు తన తువ్వాలు మడిచి కింద పరిచారు.

ఎవరు ముట్టుకున్నారు

రంగనాథం గారికి ఎముకలేవీ విరగలేదు. ముఖం మాత్రం బూరెలా ఉబ్బి ఒక కన్ను మూసుకుపోయింది. వందమంది నవ్వు ఆపుకుంటున్న చోట ఆయన తెరిచి ఉన్న కంటితో మిషనును చూశారు.

"నిన్న పనిచేసింది. ఇవాళ ఎందుకు జారింది? ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

ఎవరో అన్నారు, "గురవయ్య ఏదో రుద్దుతుంటే చూశామండీ. ఈ సారుగారే గదండీ కేకలేశారు."

"అదీ సంగతి," అన్నారు వెంకటరామయ్య గారు. "మిషనొస్తే వీడి గిరాకీ పోతుందని! ఏరా, ఇదా నువ్వు చేసింది?"

గురవయ్య చేతుల నిండా చీమల దద్దుర్లు. నావైపు చూసి, "జిడ్డుందని చెప్పాను గదండీ," అన్నాడు.

రంగనాథం గారు నన్ను అడిగారు. "ప్రసాద్, వీడు మిషను ముట్టుకున్నాడా లేదా?"

నేను అన్నది మూడు మాటలు. "ముట్టుకోవడం చూశానండీ. నిజమే."

అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో. ఆముదం సంగతి నోటిదాకా రాలేదా అంటే, వచ్చింది. ఉబ్బిన ఆ ముఖం చూసి మింగేశాను. ఉద్యోగం పోతుందని భయం. నవ్వులపాలవుతానని అంతకంటే భయం. గురవయ్య బూడిదమూట భుజాన వేసుకుని తోట దాటి వెళ్ళిపోయాడు.

సాయంత్రం బస్సులో రంగనాథం గారు నిద్రపోతుంటే మిషనుతో వచ్చిన ఇంగ్లీషు కాగితం తీశాను. దాన్ని తెలుగులో రాసే పని నాదే. తొమ్మిదో అంశం దాకా రాసి వదిలేశాను. పదకొండో అంశంలో ఉంది: దవడల పళ్ళకు ఎట్టి పరిస్థితిలోనూ నూనె తగలనీయరాదు, తగిలితే తుడిచి మెత్తని పొడి ఏదైనా రుద్దాలి. ఆ పొడినే గురవయ్య మూటలో కట్టుకుని తిరుగుతున్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. పక్కనే ఉన్న మనిషిని తట్టి లేపితే సరిపోయేది. లేపలేదు. రిపోర్టులో "స్థానికుడొకరు యంత్రమును తాకిన పిమ్మట లోపమేర్పడినది" అని రాశాను. వాక్యం మాత్రం నిక్షేపంలా ఉంది.

మరుసటి ఏడు మళ్ళీ తిరువూరు వెళ్ళినప్పుడు వెంకటరామయ్య గారి చెట్లలో నాలుగో వంతు బదనికే కనిపించింది.

"గురవయ్యను పిలవకపోయారా?" అన్నాను.

"వాణ్ణా? మనిషిని చంపబోయినవాణ్ణి తోటలోకి రానిస్తానా? నువ్వే చూశానన్నావు గదయ్యా!"

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. "చెట్లు ఎండుతున్నాయండీ," అన్నాను. ఆయన తోటలోనే కాదు, తిరువూరులో ఏ తోటలోనూ గురవయ్యను పిలవడం లేదని, పిల్లలు కూడా "మిషను గురవయ్య" అని వెంటపడుతుంటే భార్యను తీసుకుని రెడ్డిగూడెం వైపు వెళ్ళిపోయాడని ఆ రోజే తెలిసింది. ఎక్కడం చేతకాక కాదు, నమ్మరానివాడని పేరుపడి వెళ్ళిపోయాడు.

కొత్తగా ఈ పనిలో చేరినవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. రంగనాథం గారి మొదటి సూత్రాన్ని తిరగేయండి. రోజుకొక్కసారైనా రైతు ముందు "తెలీదు" అనండి. మొదట నాలుక తిరగదు, అలవాటవుతుంది. మీ మిషను చేసే పని ఇప్పటికే చేతులతో చేస్తున్నవాడు ఊళ్ళో ఒకడుంటాడు. రైతు కంటే ముందు వాడి దగ్గర కూర్చోండి. కాగితం మొత్తం చదవండి, పదకొండో అంశంతో సహా. మీ తప్పును పై అధికారికి చెప్పడం కష్టమే. నేను చెప్పి ఉంటే రంగనాథం గారు ఒక వారం మాట్లాడేవారు కాదు, ఆ తరవాత జీవితాంతం ఆ కథను నవ్వుతూ చెప్పుకునేవారు. ఆయన అలాంటివారే. చివరికి ఆయన కూడా గురవయ్యే చేశాడనుకుంటూ పోయారు. ఆయన దగ్గర మాత్రం ఇక దిద్దుకోలేను.

రెడ్డిగూడెం, తిరువూరు

కంపెనీ మూసేశాక ఇంట్లో పాత కాగితాలు సర్దుతుంటే ఆ ఇంగ్లీషు కాగితం బయటపడింది. మడతల దగ్గర ఆముదం మరక. ఆ వారమే రెడ్డిగూడెం బస్సెక్కాను.

గురవయ్య ఒక తోటకు కాపలా ఉంటున్నాడు. మోకాళ్ళు పోయాయి, ఎక్కడం మానేసి పదేళ్ళయింది. పాక ముందు అతని భార్య మంగమ్మ చిక్కం అల్లుతోంది. పొడుగు గెడకు కట్టి కాయలు కోసే వల అది. పేరు చెప్పగానే నన్ను కిందినుంచి మీదిదాకా చూసింది.

"ఓహో, కప్పమిషనాయనా! ఏమయ్యోయ్, నీ సారొచ్చాడు. ఈసారి దేనిమీద ఎక్కిస్తాడో చూడు."

"గురవయ్య గారూ," అన్నాను.

"గారంటే ఎవర్నోననుకున్నానండీ," అన్నాడు గురవయ్య, మంచం మీద చోటిస్తూ.

కాగితం చూపించి అంతా చెప్పాను. కోడి ఈకతో సహా. అతను వింటూ నవ్వాడు. తరవాత నవ్వడం మానేశాడు.

"ఆముదమని నాకు ఆ రోజే తెలుసండీ. వాసన చూశాను గదా."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నేను చెబితే ఎవరు నమ్ముతారండీ? మీరు చెబితే నమ్ముతారు. మీరు చెబుతారేమోనని మీ మొహం చూశాను." కాగితం నాకే తిరిగిచ్చి, "ఇప్పుడు నాకు చెబితే ఏం లాభమండీ? నాకు తెలిసిందే గదా. తెలియనోళ్ళకి చెప్పండి," అన్నాడు.

మంగమ్మ అప్పటికే అతని చొక్కా తెచ్చి ఇచ్చింది.

ముగ్గురం తిరువూరు బస్సెక్కాం. వెంకటరామయ్య గారికి ఎనభై దాటాయి. రోజూ ఈ వేళకు బస్టాండు పక్క హోటల్లో పాతవాళ్ళతో కూర్చుంటారని ఊళ్ళోవాళ్ళు చెప్పారు. వెళితే అరుగు మీద పదిహేను మంది ఉన్నారు. చాలామంది ఆ రోజు తోటలో ఉన్నవాళ్ళే. వెంకటరామయ్య గారు నన్ను గుర్తుపట్టి, చెవి చేత్తో చుట్టి, "వినపడి చావదు, గట్టిగా చెప్పవయ్యా," అన్నారు.

మామూలు గొంతుతో చెప్పాను. ఆయన తల ఊపి, "కాఫీ చెప్పనా?" అన్నారు.

ఇంకా గట్టిగా చెప్పాను. అరుగు మీద మాటలు ఆగాయి. ఆయన పక్కవాణ్ణి, "ఎవరికి ఆముదం పట్టాలంటాడు?" అని అడిగారు.

మూడోసారి లేచి నిలబడి అరిచాను. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా తిరిగి చూశారు. "కప్పమిషనుకి ఆముదం రాసింది నేను! గురవయ్య కాదు! జిడ్డుందని ఆయన ముందే చెప్పాడు, నేను వినలేదు! నా ఉద్యోగం కోసం ఆయన పేరు చెడగొట్టాను!"

వెంకటరామయ్య గారి చెయ్యి చెవి మీంచి మెల్లగా దిగింది. గురవయ్యవైపు తిరిగారు. "నాలుగు చెట్లు పోయాయిరా గురవయ్యా, నిన్ను పిలవక," అన్నారు. లేచి, తను కూర్చున్న కుర్చీని అతనివైపు జరిపారు.

గురవయ్య కూర్చున్నాడు. నేను అతని ముందు నిలబడి, చేతులు జోడించి, "తప్పయిపోయింది గురవయ్య గారూ, క్షమించండి," అన్నాను.

అతను మంగమ్మ వైపు చూశాడు, అరుగు మీద జనం వైపు చూశాడు, హోటలు లోపల తలలు బయటపెట్టి చూస్తున్నవాళ్ళ వైపు చూశాడు.

"లోపలివాళ్ళకి సరిగ్గా వినపడినట్టు లేదండీ," అన్నాడు. "ఇంకొక్కసారి చెప్పండి."

లోపలికి తిరిగి, మొదటినుంచీ, గట్టిగా చెప్పాను.